నేను కాలబెట్టిన కేసు షీటు

బొగ్గుబావిలో ఒకరికి దెబ్బ తగిలితే షిఫ్టు షిఫ్టంతా పని ఆపి వెంట నడుస్తుంది. మాకు తెలిసిన న్యాయం అదొక్కటే. తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ల ముందు మా అక్క భర్తకు కాలు విరిగింది. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు దవాఖానలో పిండికట్టు వేశారు. మరీ బిగించారు. మూడు రోజులు నొప్పితో అరిచినా డాక్టరు విప్పి చూడలేదు. నాలుగో రోజు కరీంనగర్ తీసుకుపోతే మోకాలి పైదాకా కోసేశారు.

మొదటి షిఫ్టు అయిపోయి పైకి రాగానే ఆ కబురు తెలిసింది. ముఖాల మీది మసి కూడా కడుక్కోకుండా దవాఖాన మీద పడ్డాం. అద్దాలన్నీ పగలగొట్టాం. డాక్టరు గోడ దూకి పారిపోయాడు. దొరికిన కాంపౌండర్‌ను ముక్కు వెంట నెత్తురు కారేదాకా కొట్టాను. వాడేం తప్పు చేశాడో అడగలేదు. అబద్ధమెందుకు, కొడుతుంటే హాయిగా ఉంది.

ఇరవై ఏళ్లయినా ఉండని నర్సు ఒకామె కాగితాల బీరువాకు అడ్డం నిలబడింది.

"అన్నా, దండం పెడ్త, గివి ముట్టకుండ్రి. మీకే పనికొస్తయ్!"

డాక్టరును కాపాడుతోందనుకున్నాను. జుట్టు పట్టి పక్కకు విసిరాను. గాజు పెంకుల మీద పడి ఆమె అరచెయ్యి చీలింది. బీరువాలో ఉన్నదంతా వాకిట్లో పోసి, మోటార్ సైకిల్లోంచి పెట్రోలు తీసి అంటించాను. మావాళ్లు ఈలలు వేశారు.

మా బస్తీలో ఒక రిటైరైన నర్సమ్మ ఉండేది. దవాఖానల్లో దెబ్బతిన్నవాళ్లకు ఫిర్యాదు ఎక్కడ పెట్టాలో, ఎట్లా పెట్టాలో చెప్పేది. వారం తర్వాత ఆమె దగ్గరికి పోయాను.

"కేసు షీటు ఏది బిడ్డా, దవాఖానల రోగి సంగతి రాసే కాయితం?"

"అంత కాలబెట్టినమమ్మా," అన్నాను, ఇంకా గర్వంగానే.

"మరి డాక్టర్ తప్పు జేసిండని దేంతోని జెప్తవ్? ముందుగాల కాయితాలు అడగాలె. కోపం తర్వాత."

డాక్టరు మాత్రం పగిలిన అద్దాల ఫొటోలు పెట్టి మా మీద కేసు వేశాడు.

ఇంటికొచ్చి బావ మంచం పక్కన కూర్చుని, జరిగిందంతా చెప్పి ఏడ్చాను. బావ కళ్లలో చుక్క నీరు లేదు.

"ఆ నర్సు పిల్ల దినాం నా కేసు షీట్ల రాసింది బామ్మర్ది. కాలి వేళ్లు నల్లబడుతున్నయ్, సారుకు జెప్పిన, సారు రాలే అని. నాకు సదివి ఇనిపించింది గూడ. నా దిక్కు మాట్లాడింది గా పిల్ల ఒక్కతే. దాన్ని కొట్టి, దాని రాత కాలబెట్టి, ఇప్పుడు నా కాడికొచ్చి ఏడుస్తున్నవా?"