మూల గది సెంటిమెంటు

మా నిర్మాతగారికి దేవుడి మీద ఎంత నమ్మకమో, జూబ్లీహిల్స్‌లోని ఆ పెద్ద హోటల్లో నాలుగో అంతస్తు మూల గది మీద కూడా అంతే నమ్మకం. ఆ గదిలో కూర్చుని రాయించిన రెండు కథలూ ఆడాయి. ఫిల్మ్‌నగర్‌లోని సొంత ఆఫీసులో రాయించిన మూడోది రెండో వారం చూడలేదు. అంతే, తప్పంతా ఆఫీసు గోడలదని తేలిపోయింది.

అప్పటికి నేను తొమ్మిదేళ్లుగా మాటలు రాస్తున్నాను. నా మాటలకు జనం నవ్వేవారు, టైటిల్స్‌లో మాత్రం ఇంకొకరి పేరు పడేది. మా ఆవిడ ప్రతి సినిమాకూ వచ్చి, తెర మీద పేర్లన్నీ మేకప్ అసిస్టెంట్ల దాకా చదివి, "ఈసారీ మీరు ఊరికే చూడ్డానికే వచ్చారన్నమాట" అనేది. కోపం వచ్చేది కానీ ఏమనగలను?

అలాంటిది ఒకరోజు నిర్మాతగారు పిలిచారు. "మూడు రోజులు మన మూల గదిలో కూర్చోవయ్యా. హీరో గేటు దగ్గర వాచ్‌మన్‌తో గొడవపడే కామెడీ సీను రాయి. శుక్రవారం తొమ్మిదింటికి అక్కడికే వచ్చి వింటాను. పదిన్నరకు రాహుకాలం, ఆలస్యం చేయొద్దు. నచ్చిందా, సినిమా మొత్తానికి మాటలు నీవే, పేరూ నీదే. నచ్చకపోతే వేరేవాళ్లని చూసుకుంటాం." ఆ పూట నా కాళ్లు నేల మీద ఆనలేదు.

హోటల్ రిసెప్షన్‌లో ఆనాయి. "సారీ సార్, ఆ రూమ్‌లో సాఫ్ట్‌వేర్ గెస్ట్ ఉన్నారు. నెల రోజుల స్టే" అంది అక్కడి అమ్మాయి. అవి మాదాపూర్‌లో వారానికో కంపెనీ తెరుస్తున్న రోజులు. ఏ హోటల్లో చూసినా మెడలో బిళ్ల వేసుకున్నవాళ్లే. నన్ను తీసుకొచ్చిన ప్రొడక్షన్ మేనేజరు ముఖం పాలిపోయింది. "సార్‌కి తెలిస్తే సినిమానే ఆపేస్తారండీ! మీరు ఎదురు గదిలో రాసేయండి. శుక్రవారం సంగతి శుక్రవారం చూద్దాం" అని నన్ను గది దాకా దింపి మాయమయ్యాడు.

గదిలో ఎన్ని స్విచ్చులు నొక్కినా దీపం వెలగలేదు, ఏసీ తిరగలేదు. తలుపు తీసిన కార్డునే గోడలోని పెట్టెలో పెట్టాలని నాకేం తెలుసు? ఎవరినన్నా అడిగితే చిన్నతనం. ఇంత పెద్ద హోటల్లోనూ ఇదే కరెంటు గోలా అని తిట్టుకుంటూ, కిటికీ పక్కన చెమటలు కక్కుతూ రాశాను. సాయంత్రం తువ్వాళ్లు మార్చడానికి వచ్చినాయన ఆ కార్డు అందులో పెట్టగానే గది పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. "వెలుతురు ఎక్కువైతే నాకు ఆలోచన రాదు" అని బుకాయించాను. పాపం నమ్మాడు. మర్నాటి నుంచి వచ్చినప్పుడల్లా దీపాలన్నీ శ్రద్ధగా ఆర్పేసి వెళ్లేవాడు.

గురువారానికి సీను పూర్తయింది. వాచ్‌మన్‌కి తెలంగాణ యాస పెట్టి, హీరో ఒకటి అడిగితే ఇంకోటి చెప్పించి, చివర్లో హీరో చేత ఓ చెంపదెబ్బ వేయించాను. చదువుకుని నాకు నేనే నవ్వుకున్నాను. ఇక గది సంగతి. సాయంత్రం ఆ సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఆఫీసు నుంచి రాగానే ఎదురు తలుపు కొట్టి, అతనికి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అతను పడీపడీ నవ్వాడు. "గది కత రాస్తదా సార్? సరే, రేపు పొద్దుగాల గంట సేపు మీదే. గని జర ఆ సీను నాకు ముందుగాల వినిపియ్యాలె."

హుషారుగా చదివాను, యాస కూడా పలికించాను. అతను ఒక్కసారి కూడా నవ్వలేదు.

"మా బాపు వాచ్‌మన్ సార్" అన్నాడు. "గీడనే, రెండు రోడ్ల అవతల ఓ బంగ్ల గేటు కాడ కూసుంటడు. నన్ను బెంగుళూరు కంపెనీ ఈ హోటల్ల దించింది గని, నా సదువంత ఆ గేటు కాడనే."

నాకు చురుక్కుమంది. తప్పు నాదే కాబట్టి కోపం కూడా వచ్చింది. "జనం నవ్వుతారు బాబూ" అన్నాను పెడసరంగా.

"నవ్వుతరు. గసొంటి సీన్లు చూసి మా బాపు కూడ నవ్విండు. ఇంటికొచ్చినంక మాత్రం అన్నం సక్కగ తినలె."

నేను కాగితాలు మడిచేశాను. సిగ్గేసింది. రేపు తొమ్మిదింటికి నిర్మాతగారు వస్తారు, చేతిలో సీను లేదు. "మరి మీ నాన్నగారి దగ్గరికి కోపంగా ఎవరైనా వస్తే ఏం చేస్తారు?" అని అడిగాను.

"ముందుగాల నీళ్లిస్తడు. కుర్సీ ఏసి కూసోపెడ్తడు. ఆడు లొల్లి వెట్టి ఒర్లుడంత ఒర్లినంక, 'లోపట ఎవ్వలు లేరు బిడ్డా, పొద్దుగాలనే ఊరికి వోయిండ్రు' అంటడు."

"మొదటే చెప్పొచ్చు కదా?"

"గంత కోపంల ఉన్నోనికి చెప్తే గేటు ఇరగ్గొడ్తడు సార్!"

ఈసారి పడీపడీ నవ్వింది నేను. అక్కడే కూర్చుని మళ్లీ రాశాను. యాస ఎక్కడ తప్పినా అతను దిద్దాడు. రాత్రి భోజనాల వేళకు సీను తయారైంది.

శుక్రవారం నిర్మాతగారు మూల గదిలో తూర్పు ముఖంగా కూర్చుని విన్నారు. హీరో తన ప్రేమకథంతా వెళ్లబోసుకున్నాక వాచ్‌మన్ తీరిగ్గా "లోపట ఎవ్వలు లేరు" అనగానే, ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "చూశావా! ఈ గది మహిమ!" అన్నారు. మేనేజరు నావంక చూడకుండా తల ఊపాడు. నేను మాత్రం నా అసిస్టెంటులా మంచం అంచున ఒదిగి కూర్చున్న కుర్రాణ్ణి చూస్తూ, "అవునండీ, ఈ గదిదే" అన్నాను.

సినిమా విడుదలైన రోజు మా ఆవిణ్ణి లోపల కూర్చోబెట్టి, ఆ తండ్రీకొడుకుల కోసం హాలు గేటు దగ్గర నిలబడ్డాను. మధ్యాహ్నపు ఎండ. ఆట మొదలైంది, వాళ్లు రాలేదు. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన టైటిల్స్ లోపల పడిపోతున్నాయి. చివరికి ఆటో దిగారు. బంగళా గేటు దగ్గర పెద్దాయనకు బదులు మనిషి దొరకడం ఆలస్యమైందట. నాలుగు దులుపుదామని నోరు తెరిచాను. పెద్దాయన చేతిసంచిలోంచి సీసా తీసి, "ముందుగాల నీళ్లు తాగుండ్రి సార్" అన్నాడు. తాగాను. తిట్టాల్సిందేమీ మిగల్లేదు.

లోపలికి వెళ్లేసరికి టైటిల్స్ అయిపోయాయి. "పడింది! పైకే చదివాను, ముందు వరసవాళ్లు తిరిగి చూశారు" అంది మా ఆవిడ. ఆ గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు.

ఇంటర్వెల్‌కి ముందు గేటు సీను వచ్చింది. వాచ్‌మన్ నీళ్లివ్వగానే, హాలంతా ఇంకా నిశ్శబ్దంగా ఉండగానే, నా పక్కన పెద్దాయన తొడ చరుచుకుని నవ్వాడు. ఆయన వెనకే హాలు నవ్వింది. నా పేరు పడిందని మా ఆవిడ చెప్పగా విన్నాను. ఆ నవ్వు మాత్రం స్వయంగా విన్నాను.