బ్రేకు తొక్కితే తడబడే ఇంజను

చార్జీకి మమ్మల్ని ఎక్కించుకు తిప్పే నెరేదా కారుకు బాడీ అమెరికాది, కార్బొరేటర్ రష్యాది, మిగతాదంతా మా శాంటియాగో వీధుల్లో పుట్టింది. ముందు సీట్లో ఎప్పుడూ కసిమీరా ముసలమ్మ కూర్చుంటుంది. దారి పొడవునా నెరేదా మొగుణ్ణి ఆడిపోసుకుంటుంది.

ఆడిపోసుకోదూ మరి! నిరుడు ఇదే కారు బొనియాటో కొండ దిగుతూ గట్టును గుద్దుకున్నప్పుడు కసిమీరా కుడికాలు విరిగింది. నడిపినవాడు నెరేదా మొగుడు ఎయుదాల్దో. ఆ మధ్యాహ్నం ఒక బాప్టిజం విందులో రెండు గుక్కల రమ్ము తాగాడు. బ్రేకు బిగుసుకుపోయిందని ఎంత మొత్తుకున్నా, తర్వాత తొక్కి చూసినవాళ్లకు అది బాగానే పడింది. లైసెన్సు పోయింది. చివరికి తన మాట తనే నమ్మడం మానేసి, వాకిట్లో కుర్చీ వేసుకుని తల దించుకు కూర్చోవడం మొదలుపెట్టాడు. స్టీరింగు నెరేదా చేతికి వచ్చింది.

ఇవాళ నెరేదా మమ్మల్ని ఎక్కించుకుని అదే కొండ పైకి ఎక్కి, రేడియేటరు చల్లారడానికి కారు ఆపింది. గేరు తీయగానే ఇంజను ఒకసారి ఎగిరింది, ఒకసారి కూలబడింది, దగ్గి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ అదే వరస.

"స్క్రూ తిప్పవే అమ్మాయ్!" అని వెనక సీటంతా ఒక్క గొంతుతో అరిచింది.

మా వాళ్లకు తెలిసిన వైద్యం అదొక్కటే. ఇంజను నిలకడ తప్పితే కార్బొరేటర్ స్క్రూ కాస్త బిగించి వేగం పెంచుతారు, జబ్బు లోపలే ఉండిపోతుంది. ఎయుదాల్దో అదే చేసేవాడు, నెరేదా కూడా అదే చేస్తూ వచ్చింది. ఇవాళ ఆ స్క్రూ చివరిదాకా వెళ్లిపోయింది.

"ఇక తిరగదు" అంది నెరేదా. ప్లగ్గుల వైర్లు తడిమింది, బాగానే ఉన్నాయి. ఇంజను మళ్లీ స్టార్ట్ చేసి, గొట్టం ముక్క ఒకటి చెవికి పెట్టుకుని, రెండో కొస ఇంజను చుట్టూ తిప్పింది. బ్రేకు డబ్బా దగ్గర బుస వినిపించి ఆగింది.

"పిన్నీ, కొంచెం ఇటు జరిగి బ్రేకు తొక్కు."

"మీ ఆయన తొక్కడం మర్చిపోయిన బ్రేకేనా?" అంటూనే కసిమీరా బాగున్న ఎడమకాలితో తొక్కింది. ఇంజను కూలబడింది.

"వదులు."

తేరుకుంది.

"మళ్లీ తొక్కు."

మళ్లీ కూలబడింది. నెరేదా తల తిప్పి కింద మలుపు వైపు చూసింది.

ఇంజను పీల్చే గాలి బలంతో ఆ డబ్బా బ్రేకుకు సాయం చేస్తుంది. లోపల రబ్బరు పొర ఒకటి ఉంటుంది. మాకు అసలుది ఎక్కడ దొరుకుతుంది? లారీ ట్యూబు కోసి వేసుకున్నాం. అది చిరిగితే తొక్కినప్పుడల్లా ఇంజను దొంగగాలి తాగుతుంది, పెడలు రాయవుతుంది. చల్లగా ఉన్నప్పుడు చిరుగు మూసుకుంటుంది. వేడెక్కితే తెరుచుకుంటుంది. నిరుడు తొక్కి చూసినవాళ్లు కారు చల్లారాకే తొక్కారు.

నెరేదా జామకొమ్మ చెక్కి, ఆ డబ్బాకు పోయే గొట్టానికి బిరడా కొట్టింది. ఇంజను పిల్లిలా గుర్రుమంటూ నిలబడింది. వెనకవాళ్లు చప్పట్లు కొట్టారు.

"చప్పట్లు ఆపి దిగండి" అంది. "ఇంజను బాగుపడింది కానీ బ్రేకుకు సాయం పోయింది. అంతా నడిచి దిగండి. కారు ఇక్కడ వదిలేస్తే తెల్లారేసరికి చక్రాలు కూడా మిగలవు, నేను తీసుకుపోతాను."

"నా కాలితో నేను కొండ దిగాలా?" అంది కసిమీరా.

"నువ్వు కూర్చో పిన్నీ. నా కాలు ఒక్కటీ చాలదు."

నేనూ దిగలేదు. ధైర్యం అనుకోకండి, వట్టి కుతూహలం.

మొదటి గేరులో కదిలాం. ముందు సీటు ఒకటే బల్ల, పెడలు వెడల్పు. దాని మీద నెరేదా కాలు, పక్కనే ముసలమ్మ ఎడమకాలు. ఇద్దరూ పళ్లు బిగించి తొక్కుతున్నారు, అయినా కారు జారుతూనే ఉంది. పక్కన లోయ చూడకూడదనుకుంటూ అదే చూశాను.

నిరుడు గుద్దిన మలుపు ఎదురైంది. "ఇంత గట్టిగానా?" అని కసిమీరా గొణిగింది. "ఇంత గట్టిగా ఉంటుందటే?"

"ఆయన చెప్పింది ఇదే."

"చెప్పాడే. ఆ రోజు 'బిగుసుకుపోయింది పిన్నీ, గట్టిగా పట్టుకో' అని అరిచాడు. విన్నాను. కాలు విరిగిన కోపంలో పోలీసులకి రమ్ము వాసన ఒక్కటే చెప్పాను." ముసలమ్మ ఏడుపు మొదలుపెట్టింది. పెడలు మీద ఆమె కాలు సడలింది. కారు లోయ వైపు ఊగింది.

"కాలు తియ్యకు!" నెరేదా కేక పెట్టింది. ఆ గొంతులో భయం ఎంతో, అసహ్యం అంత. "ఏడుపు నా దగ్గర కాదు. మా ఇంటికి వచ్చి ఆయన ముందు ఏడువు. ఇప్పుడు తొక్కు!"

ముసలమ్మ తొక్కింది. మలుపు దాటాం.

కిందికి చేరాక నెరేదా కారును తిన్నగా తన వాకిట్లో ఆపింది. ఎయుదాల్దో కుర్చీలో తల ఎత్తకుండానే ఉన్నాడు. చేయి అందించేదాకా ఎప్పుడూ దిగని కసిమీరా, ఎవరికోసమూ ఆగకుండా తలుపు తోసుకుని, కుంటుకుంటూ అతని దగ్గరికి వెళ్లింది.