లొట్టిలోని ఎలుగుబంటి

మోత్కూరు బస్టాండు వెనక సందులో అమరేందర్ వీడియో సెంటర్ నడిపిన రోజుల్లో, టీవీ పక్కన ఒక పాత చీర తెరలా కట్టి ఉండేది. దాని వెనక బషీర్ కూర్చునేవాడు. ముందు మైకు, ఒళ్లో కల్లు పట్టే మట్టి లొట్టి, కాళ్ల దగ్గర గులకరాళ్లు పోసిన డబ్బా. పిల్లలు టీవీ చూసేవారు. పెద్దవాళ్లలో కొందరు ఆ చీర వైపే చూసేవారు.

అంతకు ముందు అతను రిక్షాలో మైకు పెట్టుకొని తిరిగేవాడు. టాకీసులో సినిమా మారినా, తిరుమలగిరి అంగడి వారం మారినా, ఎవరి మేక తప్పిపోయినా ఊరికి తెలిసేది అతని నోటి వెంటే. మేక సంగతి చెప్పినప్పుడు చివర మేకలాగే అరిచేవాడు. ఒకసారి ఆ అరుపుకు తప్పిపోయిన మేకే బదులు పలికి దొరికిందని ఆ మేకను పెంచిన నర్సింగమ్మ కనబడినవాళ్లందరికీ చెప్పుకునేది.

ఎనభై ఆరులో అమరేందర్ వీసీఆర్ కొన్నాడు. సినిమా క్యాసెట్లతో పాటు, దుబాయి నుంచి వచ్చిన వాళ్లెవరో ఇచ్చిన బొమ్మల క్యాసెట్లు కొన్ని ఉన్నాయి. పాతకాలపు విదేశీ కార్టూన్లు. ఒక ఎలుగుబంటి, ఒక కుందేలు, ఒక దొంగనక్క. వాటి మాటలు ఎవరికీ తెలియవు. పిల్లలు కాసేపు చూసి లేచిపోయేవారు.

"భాయ్, నేను సౌండు బందు పెడత. నువ్వు మాట్లాడు," అన్నాడు అమరేందర్.

బషీర్ కుందేలుకు ముక్కు పట్టుకొని మాట్లాడాడు. నక్కకు పళ్లు బిగించి మాట్లాడాడు. ఎలుగుబంటికి మాత్రం గొంతు కుదరలేదు. ఎలా మాట్లాడినా అది మనిషి ఎలుగుబంటి వేషం కట్టినట్టే ఉంది. ఆ ఆలోచనతోనే ఒక సాయంత్రం తాటివనం వైపు వెళ్తుంటే కాటమయ్య ఎదురయ్యాడు. ఊళ్లో కల్లు గీసే మనిషి. "అగో" అనకుండా మాట మొదలుపెట్టడు. నవ్వబోయే ముందు ఆగుతాడు, ఊపిరి లోపలికి గుంజుతాడు, ఆ తర్వాత నవ్వుతాడు. చిన్నప్పటి నుంచి విన్న గొంతే. మర్నాడు బషీర్ దాన్ని ఉన్నదున్నట్టు ఎలుగుబంటికి పెట్టాడు.

సెంటర్ దద్దరిల్లిపోయింది. వారం తిరగకముందే కాటమయ్య స్వయంగా వచ్చి చూశాడు.

"అగో, నా నోరే ఎత్తుకపోయినవు గదనయ్యా సాయిబూ. ఇంటికాడ మా సత్తమ్మను తిట్టనీకె నాకేం మిగిలింది?"

"ఉత్తగ తీస్కోలే మామా, కిరాయికి తీస్కున్న."

"మరి కిరాయి ఏది?"

"అత్త నిన్ను తిట్టినప్పుడు నేను బదులు చెప్త తియ్యి."

కాటమయ్య ఆగాడు, ఊపిరి గుంజాడు, నవ్వాడు. వెళ్తూ వెళ్తూ ఒక పాత లొట్టి ఇచ్చిపోయాడు. "ఉత్త మైకుల గొంతు పల్సగ వస్తాంది. గిండ్ల నోరు పెట్టి మాట్లాడు," అన్నాడు. నిజమే. లొట్టిలో తిరిగి వచ్చిన గొంతుకు బరువు వచ్చింది, కాస్త పులుపు కూడా వచ్చిందని జనం అన్నారు.

కొన్నేళ్లకు ఒక వానాకాలంలో, తడిసిన చెట్టు మీద నడుముకు కట్టుకున్న మోకు జారి కాటమయ్య పడిపోయాడు. దవాఖాన దాకా కూడా ప్రాణం నిలవలేదు.

బషీర్ ఎలుగుబంటిని ఆపేశాడు. తెర మీద అది నోరు తెరిచిన చోటల్లా గులకరాళ్ల డబ్బా ఊపి దాటించేవాడు. ఒక మధ్యాహ్నం సత్తమ్మ వచ్చి చీర పక్కనే నేల మీద కూర్చుంది. ఆట అయిపోయాక చీర పక్కకు జరిపింది.

"ఎలుగుబంటి మూగదైందా బషీరూ?"

అతను తల దించుకున్నాడు.

"ఆయన ఫోటువ సుత లేదు నాకాడ. గొంతు ఒక్కటే ఉండె, అది నీకాడున్నది. నువ్వు సుత మూసిపెడితే నేను ఏడికి పోవాలె?"

అమరేందర్ క్యాసెట్ వెనక్కి తిప్పాడు. బషీర్ లొట్టిలో నోరు పెట్టి "అగో" అన్నాడు. సత్తమ్మ ఏడవలేదు. కళ్లు మూసుకొని వింది. ఎలుగుబంటి నవ్వబోయి ఆగిన చోట తనూ ఊపిరి బిగబట్టింది.

ఆ తర్వాత అంగడి రోజున తప్పకుండా వచ్చేది. పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు ఆకులో గారెలు కట్టుకొని, చిన్న గిన్నెలో పచ్చిపులుసు పోసుకొని సరాసరి చీర వెనక్కే తెచ్చింది.

"ఇంటికాడ పెడితే ఆయన యాడ తింటడు? ఈడున్నడు గద. నువ్వు తిను."

ఇంట్లో ఆ సంగతి విని భార్య షంషాద్ నవ్వింది. "చచ్చినోల్లకు పెట్టింది తినొచ్చినవా? మసీదు మౌల్సాబ్ వింటే ఏమంటడో."

"ఏమంటడు, నాకు రెండు తేలేదేందిరా అంటడు."

నవ్వాడు గాని, అప్పటి నుంచి అతనికి ఒక భయం పట్టుకుంది. ఏళ్ల తరబడి అరిచిన గొంతు. పొద్దున లేస్తే గీసుకుపోయినట్టు ఉండేది. ఒక డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, లోపల కాయలు కట్టాయి, మాట తగ్గించుకో అన్నాడు. మాట తగ్గించుకుంటే అన్నం ఎక్కడిది? అంతకంటే లోపల గుచ్చింది వేరే ఉంది. తను ఇన్నేళ్లు మాట్లాడిందంతా చీర వెనక పుట్టి అక్కడే పోయింది. ఏ టేపులోనూ లేదు. తన గొంతు పోయిన రోజు కాటమయ్య రెండోసారి పోతాడు.

అందుకే, అవే కార్టూన్లను టీవీ కోసం హైదరాబాదులో తెలుగు చేస్తున్నారని అమరేందర్‌కు క్యాసెట్లు తెచ్చిచ్చే మనిషి చెప్పగానే బషీర్ బయలుదేరాడు. వెళ్లే ముందు సత్తమ్మ ఇంటికి వెళ్లాడు.

"మామ గొంతు టేపుల ఎక్కించి వస్త అత్తా. ఇగ నేనున్నా లేకున్నా అది ఉంటది."

ఆమె అతని చేతిలోని లొట్టి తీసుకొని, తడిబట్టతో తుడిచి ఇచ్చింది.

స్టూడియోలో లొట్టిని లోపలికి రానివ్వలేదు. గొంతుకు బరువు మిషన్లో పెడతామన్నారు. డబ్బింగ్ చూసే ఆయన మర్యాదస్తుడు. "గొంతు బ్రహ్మాండంగా ఉందండీ," అన్నాడు. "కానీ ఎలుగుబంటి పెద్దమనిషి కదా. ఈ అగోలూ గీలూ గాలూ తీసేద్దాం."

మాట పోతే పోనీ, గొంతు ఉంటుంది కదా అనుకున్నాడు బషీర్. తీసేశాడు. మర్నాడు, నవ్వే ముందు అంతసేపు ఆగితే బొమ్మ పెదవులకు కలవడం లేదన్నారు. గొంతు ఉంటుంది కదా. ఆగడం మానేశాడు. కొంచెం సాఫీగా, కొంచెం పైనుంచి, కొంచెం నెమ్మదిగా అన్నారు. లాడ్జి గదిలో గోడ వైపు తిరిగి వాళ్లు చెప్పినట్టే సాధన చేశాడు. చివరకు ఆయన తలుపు తోసుకొని వచ్చి చెయ్యి కలిపాడు. "ఇప్పుడు కుదిరింది. ఆ దొంగనక్కకు మాత్రం మీ యాసే ఉంచండి. జనం నవ్వుతారు."

ఆదివారం పొద్దున ఆ కార్టూన్ టీవీలో వచ్చింది. అమరేందర్ డబ్బులు తీసుకోకుండా అందరినీ రానిచ్చాడు. షంషాద్ పక్కింటి ఆడవాళ్లను వెంటబెట్టుకొని వచ్చింది. సత్తమ్మను ముందు కూర్చోబెట్టారు. చీర విప్పేశారు. దాని అవసరం లేదు కదా. బషీర్ మొదటిసారి జనం మధ్య కూర్చున్నాడు.

ఎలుగుబంటి నోరు తెరిచింది. "ఏమర్రా, ఇంకా నిద్ర లేవలేదూ?" అంది.

మిషన్లో మారిందేమో అనుకున్నాడు. రెండో మాట విన్నాడు. మూడో మాట విన్నాడు. అది మిషన్ కాదు. ఆ గొంతు వేరే మనిషిది.

వెనక నుంచి సాయిలు అనే కుర్రాడు వీపు తట్టాడు. "ఏం నేర్చినవన్నా, గుర్తు పట్టరాకుంట మాట్లాడవడితివి. అచ్చం ఆంధ్రోల్ల లెక్క." నలుగురూ చప్పట్లు కొట్టారు. బషీర్ షంషాద్ వైపు చూశాడు. ఆమెకు తెలిసిపోయింది. తలమీది కొంగు సర్దుకొని నేల చూస్తోంది.

అంతలో నక్క వచ్చింది. కోళ్లగూడు ముందు నిలబడి, "తాళం ఏడ పెట్టిన్రుల్లా?" అంది. అదొక్కటి బషీర్ గొంతు. సెంటర్ అంతా ఘొల్లుమంది. "గిదీ మనోడంటే," అని ఎవరో ఈల వేశారు. ఆ నవ్వుల్లోనే సత్తమ్మ లేచి, పిల్లల కాళ్లు దాటుకుంటూ వెళ్లిపోయింది.

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే డబ్బింగ్ ఆయన అదే మర్యాదతో చెప్పాడు. "మీది బాగానే వచ్చిందండీ. పైవాళ్లకు కాస్త నాటుగా అనిపించింది. ఇంకొకరితో చెప్పించాం."

"మరి నేను చెప్పింది ఉంటది గద సార్, టేపుల?"

"ఆ టేపు మీదే ఆయన గొంతు ఎక్కించామండీ."

కేబుల్ వైర్లు మోత్కూరు దాకా వచ్చాక వీడియో సెంటర్‌కు జనం తగ్గారు. అమరేందర్ అక్కడే చెప్పుల దుకాణం పెట్టుకున్నాడు. బషీర్ మళ్లీ రిక్షా ఎక్కాడు. మేక తప్పిపోయిందని చెప్పేవాడు గాని, చివర అరిచేవాడు కాదు.

పెత్రమాస నాడు సత్తమ్మ బషీర్ ఇంటికే వచ్చింది. చేతిలో ఆకు పొట్లం, గిన్నె. గడప లోపల కూర్చుంది.

"ఒక్కసారి మాట్లాడు కొడుకా. నువ్వు టీవీల మాట్లాడలేదని నాకు ఎరికే. గా పెద్దమనిషి ఎవలో. నువ్వు మాట్లాడు."

షంషాద్ అటక మీంచి లొట్టి దించి ఇచ్చింది. బషీర్ నోరు పెట్టాడు. "అగో," అన్నాడు. గీసుకుపోయిన గొంతు లొట్టిలో తిరిగి బయటకు వచ్చింది. నవ్వబోయాడు. ఆగాల్సిన చోట ఆగలేదు. స్టూడియోలో నేర్పినట్టు సాఫీగా జారిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి కావాలని ఆగాడు. కావాలని ఆగినట్టే తెలిసింది.

సత్తమ్మ కళ్లు తెరిచింది. అతని చేతుల్లోంచి లొట్టి తీసుకొని మెల్లగా పక్కన బోర్లించింది.

"ఊకో ఇగ. గొంతు నొయ్యదా," అంది. ఆకు విప్పి అతని ముందుకు జరిపింది. "తిను."

అతను ఆ గారెల వైపు చూశాడు.

"ఆయనకు ఇంటికాడనే పెట్టొచ్చిన బిడ్డా. గిది నీకే."

ఆమె మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. సందు మలుపు తిరిగేదాకా బషీర్ చూశాడు. ఆ తర్వాత గారె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు గాని దిగలేదు. గొంతు నొప్పి అనుకొని షంషాద్ నీళ్లు తెచ్చి ఇచ్చింది.