ఈ దేశంలోకి రాని తేనె

ఆఫ్రికా మహిళా వ్యాపారులను న్యూజిలాండ్‌కు రప్పించి మెలకువలు నేర్పే కార్యక్రమంలో నేనొక మెంటర్‌ని. నాకు అప్పగించిన ఉగాండా ఆవిడ తన ఊరి ఆడవాళ్ళు సేకరించే తేనెను ఆక్లాండ్‌లో అమ్మాలనుకున్నారు. నెలల తరబడి వీడియో కాల్స్‌లో ధర, రవాణా, కొనుగోలుదారులు, అన్నీ వరుసగా తేల్చాం.

ఆక్లాండ్ శివారు ఫ్లాట్ బుష్‌లో ఆవిడకు బస ఇచ్చిన తెలుగు ఆంటీ నాకు ముందే భరోసా ఇచ్చారు. "తెచ్చింది ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేస్తే చాలు నాన్నా. నా ఆవకాయ ఎప్పుడైనా ఆపారా?"

ఆవిడ డిక్లేర్ చేశారు. ఎయిర్‌పోర్టులో అధికారి శాంపిల్ సీసాలన్నీ మర్యాదగా తీసేసుకున్నాడు. ఇక్కడి తేనెటీగలకు జబ్బులు అంటుకుంటాయని అక్కడి తేనెను అసలు రానివ్వరట. రేపు సరుకు పంపినా అంతే. ఆవిడను ఎంపిక చేసినవాళ్ళు గానీ నేను గానీ ఆ సంగతి చూడలేదు.

కారులో ఆంటీ, "పోనీ, ఇంకేదైనా అమ్ముకోమను" అన్నారు. ఆ మాట నేను ఆవిడకు ఇంగ్లీషులో చెప్పలేదు.

మరునాడు లేబుల్ డిజైన్ మీద సెషన్. రద్దు చేద్దామనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆవిడ టైముకే వచ్చి, తను గీసుకొచ్చిన తేనె సీసా లేబుల్ నా ముందు పెట్టి, అక్షరాలు ఈ సైజు సరిపోతాయా అని అడిగారు.

కొంచెం పెంచమన్నాను.