తొట్టికి జానెడు ఎత్తున

కొళాయి ఆగిపోయే ముందు ఒక చప్పుడు చేస్తుంది. ధార సన్నబడి, చుక్కలై, ఆఖరికి స్స్‌స్ అంటూ గాలిని లోపలికి పీల్చుకుంటుంది. మొన్న పొద్దున్న ఆ చప్పుడు వినబడగానే పొయ్యి మీద పాలు వదిలేసి పెరట్లోకి పరిగెత్తాను. మా అమ్మాయి డ్రమ్ములోకి జారవిడిచిన పైపు కొస పైకి లాగి పట్టుకున్నాను. అది నన్ను చూసి పకపకా నవ్వింది. నవ్వదూ మరి! ఆ పరుగు వెనకున్న కథ తనదేనని దానికి తెలియదు, సంతోషమ్మత్త ఎవరో అసలే తెలియదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి దగ్గరగా ఒక సందులో అద్దెకుండేవాళ్లం. పక్కిల్లు ఆవిడది. చుట్టరికం ఏమీ లేకపోయినా అత్తా అనే పిలిపించుకుంది. రెండు గేదెలు, ఆదివారం చర్చికి తెల్ల చీర, వారమంతా సందు చివరిదాకా వినిపించే గొంతు. మా సందులో అందరికీ ఆవిడే పాలు పోసేది. "నా తొట్టి సూడు, నీ వంటగిన్నెల కన్నా సుబ్బరంగుంటాది" అని నన్ను ఉడికించేది. నిజమే, రోజూ తోమేది. గేదెలకి తవుడు వేసి కుడితి కలపడానికి కొళాయికి పైపు తగిలించి, నీళ్లు చిందకుండా దాని కొసని తొట్టి అడుగుదాకా వదిలేసేది.

మా పాపకి ఏడో నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేవి. ఆస్పత్రిలో సెలైను పెట్టి పెట్టి ఆ చిన్న చెయ్యి ఉబ్బిపోతే చూడలేకపోయాను. తాగడానికి కాచిన నీళ్లే పట్టేదాన్ని. పాలసీసా మాత్రం కొళాయి నీళ్లతో, భయం కొద్దీ మళ్లీ మళ్లీ కడిగేదాన్ని. బుచ్చయ్యపేట నుంచి మా అత్తగారు వచ్చీ రాగానే ఆ సీసా వాసన చూసి మొహం చిట్లించారు.

"సీసా కడగడం రాదేటి నీకు? పులిసిన కంపు కొడతంది. పిల్లని నాను పట్టుకుపోతాను. సాకడం వచ్చేక పంపుతాను."

మా ఆయన బస్సు వేళలు కనుక్కొచ్చాడు. ఆదివారం ప్రయాణమని ఆవిడ పాప బట్టలు కూడా సర్దేశారు. నేను నిజంగానే చేతకాని తల్లినేమో అని నమ్మేశాను.

శనివారం పొద్దున్న పాలకి వెళ్లి సంతోషమ్మత్త ముందు గొల్లుమన్నాను. ఆవిడ కుడితి కలుపుతోంది. అప్పుడే కొళాయి స్స్‌స్ మని ఆగిపోయింది. "ఉండు, ఉండు" అంటూ ఆవిడ తొట్టిలోకి వంగింది. నేనూ చూశాను. తవుడు మెల్లగా తిరుగుతూ పైపు కొసవైపు పోతోంది. గేదె మూతి పెట్టకుండానే కుడితి తగ్గిపోతోంది. పల్లంలో ఎవరో నీళ్లు పట్టుకుంటున్నట్టున్నారు, ఖాళీ అవుతున్న లైను ఇటునుంచి లాక్కుంటోంది. ఆ లైనులో మిగిలిందే మర్నాడు మా కొళాయిలో మొదటగా వచ్చేది.

ఆవిడ పైపు లాగి పారేసింది. "కొళాయి తాగేత్తంది పిల్లా. నా కుడితి తాగేసి, నీ ఇంట్లో కక్కుతంది" అంది.

వాళ్లాయన డేవిడు మామయ్య వసారాలోంచి దిగి వచ్చాడు. ఆ పాల మీదే వాళ్ల ఇల్లు గడిచేది. "పైపు తీసేసేవు కదా, ఇంక ఊరుకో. ఈ మాట బైటికెళ్తే మన పాలెవరు కొంటారు? ఎవరికి తెలుసిప్పుడు?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకు తెలిసింది కదా" అంది సంతోషమ్మత్త.

తవుడంటిన చేతులతోనే మా ఇంటికొచ్చి మా అత్తగారి ఎదట నిలబడింది. "మీ కోడల్ని ఏటీ అనకు వదినా. అది సీసా కడిగినప్పుడల్లా నా తొట్టి నీళ్లే దాంట్లో పడ్డాయి. పాపకి జబ్బు తెచ్చింది అది కాదు. నానే సేసేను." మా అత్తగారు నోటికొచ్చినట్టు తిట్టారు. ఆవిడ తలొంచుకుని అన్నీ పడి, పక్కింటి గుమ్మం ఎక్కింది. తర్వాత దాని పక్కది. అన్నిచోట్లా అదే మాట. నేను పాపని గుండెకి హత్తుకుని మళ్లీ ఏడ్చాను, అది వేరే ఏడుపు. మా అత్తగారు సర్దిన బట్టలు తనే తీసి దండెం మీద వేశారు.

మామయ్య భయపడ్డట్టే అయింది. పాలకీ పైపుకీ ఏం సంబంధమని ఎవరడుగుతారు! ఆ సాయంత్రం గిన్నె పట్టుకుని వెళ్లింది నేనొక్కదాన్నే. అప్పటికే తొట్టికి అటూ ఇటూ కర్రలు పాతి, పైపు కొసని తొట్టి అంచుకి జానెడు ఎత్తున కట్టేసింది. "ఇప్పుడు లాక్కోమను, గాలి తప్ప దొరకదు" అంది. అది చూడ్డానికి ఒక్కొక్కరే వచ్చారు. వెళ్లి తమ డ్రముల్లో, బట్టల తొట్టెల్లో మునిగిన పైపులు పైకి తీశారు. పాప కోలుకుంది. పాలకి కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. ఆవిడ ఒక గేదెని అమ్ముకుంది. ఆ గేదెని తోలుకెళ్లిన రోజు నేను అన్నం తినలేకపోయాను.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. నాకు అమ్మ నేర్పనిది, బడి నేర్పనిది ఆవిడ నేర్పింది. అయినా ఒక్కసారి కూడా ఆ మాట ఆవిడతో అనలేదు.

మొన్న నేను పైపు పట్టుకుని అలా నిలబడి ఉండగానే వంటింట్లో పాలన్నీ పొంగిపోయాయి. "అయ్యో, మొత్తం పోయాయి! ఎవరమ్మా పొయ్యి మీద పెట్టి వదిలేసింది?" అని అమ్మాయి లోపలికెళ్లి చూసి గట్టిగా అరిచింది.

"నానే సేసేను" అన్నాను, అచ్చం ఆవిడలాగే.