సాల్మన్ గారి గ్రాఫిక్స్ కార్డు

శుక్రవారాల్లో మధురానగర్‌లో మా వీధి దుకాణాలకు సాంబ్రాణి పొగ వేసే ఆయన వస్తాడు. నెమలీకల కట్టతో పొగను గుమ్మంలోకి విసిరి, ఇచ్చింది తీసుకుని పక్క దుకాణానికి వెళ్తాడు. మందుల షాపు ముందు నిలబడి ఉండగా ఆ పొగ ముక్కుకు తగిలితే మిగతావాళ్లకు దేవుడు గుర్తొస్తాడేమో. నాకు సాల్మన్ గారు గుర్తొస్తారు.

ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద ఆయన కంపెనీ. నేను అక్కడ లెక్కలు చూసేదాన్ని. మేము గ్రాఫిక్స్ కార్డులు తయారు చేసేవాళ్లం. కంప్యూటర్‌లోని బొమ్మను తెర మీదికి పంపేది ఆ కార్డే. ఆటలాడుకునేవాళ్ల కోసం కాదు, సినిమా ఎడిటింగ్ గదుల కోసం. చిప్పులు బయట కొన్నా, మిగతా కార్డంతా సాల్మన్ గారు గీసిందే. హీరోయిన్ చీర పసుపు ఒక గదిలో ఎలా కనబడితే పక్క గదిలోనూ అలాగే కనబడేది. అదే మా గొప్ప. వేగంలో మాత్రం ఎప్పుడూ వెనకే. కొత్త చిప్పులు ముందు పెద్ద కంపెనీలకు వెళ్లేవి. మా వంతు వచ్చి మేము కార్డు చేసేలోపు వాళ్లకు అది పాతదైపోయేది. "మన పందెం అది కాదు సరోజినిగారూ," అనేవారాయన. ఆయనది భీమవరం, మాటలో తొందర ఉండేది కాదు. "పందెం ఏదైనా ఒకటో తారీఖున జీతాలివ్వాలి కదండీ," అనేదాన్ని. "అందుకేగా మీరున్నారు," అని మళ్లీ పనిలో పడేవారు.

మా కార్డుల్లో సగానికి పైగా కొనేది కృష్ణారెడ్డి గారు. దగ్గర్లోనే ఆయన ఎడిటింగ్ స్టూడియో. ఒకరోజు పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, సంచిలోంచి మా కార్డు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏంది సాల్మన్ సార్ ఇది? జర వేడైతే చాలు, ఆగిపోతది. డైరెక్టర్ నా ముఖం చూస్తుండు."

"మా దగ్గర రోజంతా నడిపినా ఆగడం లేదండీ."

"అయితే నా ఎడిటింగ్ రూమునే గీడికి తెస్త. కిరాయి ఎంత తీసుకుంటరు?"

నాకు నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వలేదు. వచ్చే సినిమా మొదలయ్యేలోపు సంగతి తేలకపోతే అన్ని గదుల్లోనూ పెద్ద కంపెనీ కార్డులే పెట్టిస్తానని చెప్పి వెళ్లిపోయారు. ఆయన పోతే మా కంపెనీ మూతపడ్డట్టే.

సాల్మన్ గారికి మురికి పడదు. తిరిగివచ్చిన ఏ కార్డునైనా స్పిరిటుతో తుడిచి, గాలి కొట్టి, అప్పుడే పరీక్షకు పెట్టాలని ఆయన నియమం. అలా తుడిచిన ప్రతి కార్డూ చక్కగా నడిచేది. మా ఇంజనీర్లు చిప్పును అనుమానించారు, టంకాన్ని అనుమానించారు, చివరికి కృష్ణారెడ్డి గారి కరెంటును అనుమానించారు. ఎడిటింగ్ గదులకు పంపినవే తిరిగొస్తున్నాయి, కాలేజీలకు అమ్మిన కొద్దిపాటి కార్డుల్లో ఒక్కటీ రాలేదని నేను చెప్పాను. సాల్మన్ గారు కళ్లజోడు తీసి, "అయితే గదికే వెళ్దాం పదండి," అన్నారు.

మేము వెళ్లింది శుక్రవారం. కిటికీలు లేని గది, ఏసీ నడుస్తోంది. కంప్యూటర్ పక్కన దేవుడి పటం. స్టూడియోలో పనిచేసే ఒకామె సాంబ్రాణి వేసి, పొగ నిండేదాకా తలుపు మూసి ఉంచింది. "సినిమా పని ఉన్నన్ని రోజులు శుక్రవారం గిట్లనే," అన్నారు కృష్ణారెడ్డి గారు. పొగ పైకి లేవాలి. అక్కడ కొంత పొగ బల్ల కిందికి వంగి, కంప్యూటర్ పెట్టెలోకి పోతోంది. సాల్మన్ గారు మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చూశారు. పెట్టె విప్పించి, కార్డు ఫ్యాను కింద వేలు పెట్టారు. నల్లటి బంక, దాని మీద దుమ్ము. గాలి దూరే సందు లేదు.

"ఇన్నాళ్లూ నేను తుడిపించింది దీన్నే," అన్నారు నాతో.

కృష్ణారెడ్డి గారి ముఖం వాడింది. "అంటే, పొగ బంద్ చెయ్యాల్నా?"

"మీ పొగ మీరు వేసుకోండి. తట్టుకునే కార్డు చేయడం నా పని."

మెట్లు దిగుతూ అడిగాను, ఒక్క మాటతో పోయేదానికి ఇంత పని ఎందుకని. "నేను చర్చికి వెళ్లేవాణ్ణి. పూజ ఆపమంటే కార్డు కోసం అన్నానని ఎవరనుకుంటారు? అయినా ఆపితే వాళ్లకు పని మీద మనసు నిలవదండీ. మనసు నిలవని చోట కార్డు నడిచి ఏం లాభం?"

ఆయన కొత్త కార్డు గీశారు. చిప్పు వేడిని లాగే రేకుల మధ్య సందులు వెడల్పు. ముందొక జల్లెడ, వేలితో నొక్కితే ఊడి వస్తుంది, వేడినీళ్లలో సబ్బుతో కడగొచ్చు. ఈలోగా పెద్ద కంపెనీ మరింత వేగమైన కార్డు తెచ్చింది. కృష్ణారెడ్డి గారు దాచలేదు. అది ఒక గదిలో, మాది పక్క గదిలో పెట్టించారు. సినిమా మొదలైంది. చాలా శుక్రవారాలు గడిచాక మెట్లెక్కి వచ్చారు.

"మీది స్లో సార్."

"అవునండీ."

"గాని ఆగుతలేదు. వాళ్లది క్లీన్ చెయ్యాలంటే మొత్తం విప్పాలె, విప్పితే గ్యారంటీ పోతది. మీ జల్లెడ ఆ పొగ వేసే ఆమెనే శనివారం టిఫిన్ డబ్బాలతోటి కడుగుతది. అన్ని రూములకీ ఇదే పంపుండ్రి."

వేగంలో మేము ఎన్నడూ వాళ్లను అందుకోలేదు. అందుకున్నామని సాల్మన్ గారు ఎవరికీ చెప్పనూ లేదు. ఆయన పోయాక కూతురు నడుపుతోంది. చిన్న కంపెనీగానే ఉంది, ఒకటో తారీఖున జీతాలిస్తోంది. ఇప్పుడు నేను మా అపార్టుమెంటు లెక్కలు చూస్తున్నాను. నీళ్ల మోటారు ఆగి, మెకానిక్ గుడ్డ పట్టుకుని వంగితే, "ఆగు బాబూ, తుడవకు, ముందు నన్ను చూడనీ," అంటాను. పై అంతస్తులవాళ్లు బకెట్లు పట్టుకుని విసుక్కుంటారు. విసుక్కోనిచ్చి, కళ్లజోడు సర్దుకుని, వంగి చూస్తాను.