ఆకాశపు తూము మూయమన్న నాయనమ్మ

నిన్న గుంటూరులో మిరప బస్తాలు దించుతుంటే జల్లు పడింది. తడి కాయ ఘాటు ముక్కుకెక్కింది. పక్కనున్నవాడు ఫోన్ చూస్తూ, "బైబిల్లో ఆకాశం మీద నీళ్లున్నాయంట రా, ఎర్రిమొహాలు!" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

కళ్లాల్లో పెరిగిన మనకు తెలుసు కదా, ఆరబోసిన కాయ మీదికి మబ్బొస్తే ఎలా ఉంటుందో!

పాతకాలం వాళ్లు ఆకాశాన్ని గట్టి కప్పు అనుకున్నారనీ, దానిపైన నీళ్లూ తూములూ ఉన్నాయని నమ్మారనీ నేను పెద్దయ్యాక సొంతంగా చదువుకున్నాను. నాయనమ్మ మాత్రం సాగర్ కాలువ తూము చూసి, పైనా అలాంటిదే ఉందనుకుంది.

"మరి పైన తూము తిప్పే లస్కరెవరే?" అని చిన్నప్పుడు అడిగాను.

"దేవుడేరా. మన కాలువ లస్కరులాగా పెద్ద రైతులకే ముందు వదలడు."

ఒకసారి మా కౌలు పంటంతా కళ్లంలో ఉండగా వాన మొదలైంది. కాయ తడిస్తే ఏడాది కష్టం బూడిదే. నాయనమ్మ కాయ మీదికి పట్ట లాగుతూ పైకి చూసి, "తూము మూయవయ్యా! కళ్లు కనపడట్లేదా?" అని అరిచింది.

పక్క కళ్లం సుబ్బయ్య తాత, "మీ దేవుడేగా మరియమ్మా, మర్యాదగా అడుగు!" అన్నాడు.

"ముందొచ్చి ఆ కొస పట్టుకో, మర్యాద తర్వాత!"

నవ్వుతూనే పరిగెత్తుకొచ్చాడు. అంచున కొంచెం తడిసింది, మిగతాదంతా దక్కింది.

ఆమెది ఎర్రితనం కాదు. కేకేస్తే వినపడేంత దగ్గరి ఆకాశం కింద నన్ను పెంచింది. అందుకు ఆమెకు వందనాలు.

ఆ రోజు పట్ట గాలికి లేవకుండా అంచు మీద కూర్చుని, తిట్టిన నోటితోనే "స్తోత్రం తండ్రీ" అంది. వాన ఇంకా కురుస్తూనే ఉంది.